చావోజౌలో అక్క ఇంటి గంజి

నాకు నోరెక్కువ. ఈ మాట మా ఆయనా, మా అత్తగారూ, బ్యాంకులో నా కింద పనిచేసేవాళ్ళూ, ఆఖరికి మా బ్లాకు కింద కూరగాయలమ్మే అంకుల్ కూడా ఒప్పుకుంటారు. ఆ నోరు చూసుకుని ఒక మనిషి నన్ను పరదేశానికి తోడు రమ్మనడం మాత్రం నా జన్మలో ఒక్కసారే జరిగింది.

పిలిచింది మా ఎదురింటి ఆంటీ. సింగపూర్‌లో, ఆంగ్ మో కియోలో మాది పాత బ్లాకు. మా తలుపు తీస్తే ఎదురుగా ఆవిడ తలుపు, ఆవిడ చెప్పులు, ఆవిడ కలబంద కుండీలు. డెబ్బై దాటిన చైనా మనిషి. భర్త పోయాడు. కొడుకు సెరంగూన్‌లో కాండో అనే ఖరీదైన అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు. ఆదివారం వచ్చి, తిని, ఫోన్ చూసుకుని వెళ్ళిపోతాడు. చైనావాళ్ళలో వీళ్ళని టియోచ్యూ వాళ్ళంటారు. వీళ్ళ పెద్దలందరిదీ దక్షిణ చైనాలో చావోజౌ అనే పాత పట్నం. ఆంటీ మాత్రం పుట్టిందీ పెరిగిందీ సింగపూర్‌లోనే, తండ్రి ఊరు ఒక్కసారి కూడా చూడలేదు.

ఆవిడకీ మా అత్తగారికీ స్నేహం కుదిరిన తీరు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. అత్తగారు తెనాలి నుంచి వచ్చిన కొత్తలో హాకర్ సెంటర్‌కి, అంటే రకరకాల తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోటికి, తీసుకెళ్ళాను. ఖాళీ బల్ల మీద చిన్న టిష్యూ పొట్లం కనిపించింది. అత్తగారు దాన్ని తీసి, ఒక కాగితంతో ముక్కు తుడుచుకుని, మిగతాది సంచిలో పడేసుకుని దర్జాగా కూర్చున్నారు. అంతలో ఎదురింటి ఆంటీ పళ్ళెం పట్టుకుని వచ్చి మా ముందు నిలబడింది. ఇక్కడ బల్ల మీద టిష్యూ పెట్టారంటే ఆ చోటు వాళ్ళదని లెక్క. చోప్ చేయడం అంటారు. నాకు తల కొట్టేసినట్టయింది. విషయం చెబితే అత్తగారు ఏమాత్రం తొణకలేదు. "ఓస్, బస్సు కిటికీలోంచి తువ్వాలు వెయ్యడమన్నమాట. ముందే చెప్పొద్దుటే!" అని పొట్లం తీసి ఆంటీ చేతిలో పెట్టి, పక్కకి జరిగి చోటిచ్చారు.

ఆ రోజు పౌర్ణమి. ఆంటీ పళ్ళెంలో శాకాహారం. చైనావాళ్ళలో భక్తి ఉన్నవాళ్ళు అమావాస్యకీ పౌర్ణమికీ నీచు ముట్టరు. అంతేనా, ఆ శాకాహారం దుకాణంలో ఉల్లీ వెల్లుల్లీ కూడా వెయ్యరు. ఇది విన్నాక అత్తగారి మొహం చూడాలి! నా వంటింట్లో దొరకని మడి చైనావాళ్ళ కొట్లో దొరికింది. అప్పట్నుంచీ ప్రతి అమావాస్యకీ పౌర్ణమికీ ఇద్దరూ కలిసి వెళ్ళేవారు. ఈవిడకి తెలుగు తప్ప రాదు, ఆవిడకి తెలుగు తప్ప అన్నీ వచ్చు. గంటలు గంటలు ఏం మాట్లాడుకునేవారో ఆ దేవుడికే తెలియాలి.

ఆంటీ నాతో మాట్లాడేది ఇంగ్లీషే. ప్రతి మాట చివరా ఒక 'లా' తగిలిస్తుంది. ఇక్కడ తెలుగులో రాస్తున్నా ఆ 'లా' తీసెయ్యబుద్ధి కావడం లేదు, అది తీస్తే ఆవిడ ఆవిడలా ఉండదు.

ఒక సాయంత్రం మా ఇంట్లో కూర్చుని, ఉన్నట్టుండి అంది: "నాతో చావోజౌ రా లా."

"నేనెందుకు ఆంటీ?"

"నీకు నోరుంది. అక్కడ ఎవరైనా నన్ను ఏమైనా అంటే, నువ్వు అరవాలి."

"నాకు వాళ్ళ భాష రాదుగా!"

"ఏ భాషలో అరిచినా పర్లేదు లా. నీ అరుపు అందరికీ అర్థమవుతుంది."

పక్క గదిలోంచి నా కూతురు పగలబడి నవ్వింది. "సో ట్రూ లా, అమ్మా," అని వంత పాడింది. దాని సంగతి తర్వాత చూద్దామని ఊరుకున్నాను.

అప్పుడు చెప్పింది ఆంటీ. వాళ్ళ నాన్న కుర్రతనంలో ఓడెక్కి ఇక్కడికి వచ్చాడట. అక్కడ భార్యా, మాటలు నేర్చుకుంటున్న కూతురూ. రెండేళ్ళలో వచ్చేస్తానని చెప్పి వచ్చాడు. మొదట డబ్బు లేక, తర్వాత దేశాల మధ్య దారులు మూసుకుపోయి, ఆ తర్వాత మొహం చెల్లక వెళ్ళలేదు. ఇక్కడ ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. ఆ రెండో ఆవిడ కూతురే మన ఆంటీ. ఆయన పోయేముందు ఈవిడ చెయ్యి పట్టుకుని, "ఒకసారి వెళ్ళి అక్కని చూసి రా," అన్నాడట. ఈవిడ సరే అంది. అనడమైతే అంది కానీ, కాళ్ళు కదల్లేదు. ఇప్పుడు ఆ అక్కకి ఎనభై దాటాయి. దూరపు చుట్టం ఒకాయన చేత కబురు పంపితే అక్క నుంచి వచ్చిన జవాబు ఒకటే మాట: "రానీ."

"సంతోషంగా అందో, కోపంగా అందో తెలీదు," అంది ఆంటీ. "నేను ఆస్తి కోసం పోవడం లేదు, ఏమీ వద్దు. ఆవిడ నన్ను ఒక్కసారి చెల్లీ అంటే చాలు లా. అనకపోతే, నేను ఆ ఇంటికి ఎవరూ కాననేగా?"

ఇదంతా నేను తెలుగులో చెప్పేసరికి అత్తగారు పమిట కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. "చేసిందంతా ఆ మహానుభావుడు, భయమేమో ఈ పిచ్చితల్లికి. నేనూ వస్తానని చెప్పు," అన్నారు. అంతలోనే అనుమానం వచ్చింది. "ఊరి పేరేమిటన్నావు? చావోజౌవా? అదేం పేరే, చావో బతుకో అన్నట్టు!"

అలా ముగ్గురం బయల్దేరాం. నాలుగు గంటల విమాన ప్రయాణానికి అత్తగారు చిన్న రైస్ కుక్కరూ, కందిపొడీ, పులిహోరా, గోంగూర పచ్చడీ సర్దారు. "చైనాలో తిండి దొరకదనా మీ భయం?" అంటే, "దొరుకుతుంది, అది మనల్ని తింటుంది," అన్నారు. అక్కడి విమానాశ్రయంలో సంచీ తెరిపించిన అమ్మాయి కందిపొడి డబ్బా మూత తీసి వాసన చూసి, తుమ్మి, తుమ్మి, మళ్ళీ తుమ్మి, నవ్వుతూ పొమ్మని చెయ్యి ఊపింది. మిరపకాయ వెయ్యడంలో ఏమాత్రం మొహమాటం పడలేదు మరి అత్తగారు.

చావోజౌ నిజంగానే పాత పట్నం. ఒక పక్క పెద్ద నది, దాని వెంట కోటగోడ, గోడ లోపల బారుగా ఒక వీధి. ఆ వీధి పొడుగునా ఒకదాని తర్వాత ఒకటి రాతి తోరణాలు. పూర్వం పరీక్షల్లో గెలిచినవాళ్ళకీ, మంచి పనులు చేసినవాళ్ళకీ ఊరు కట్టించిన తోరణాలట. అత్తగారు తలెత్తి చూసి, "మనకి పరీక్ష ప్యాసైతే స్వీట్లు పంచి ఊరుకుంటారు. వీళ్ళు రాళ్ళెత్తారమ్మా," అన్నారు. తోరణాల కింద స్కూటర్లు, పిల్లలు, అరుపులు, ఆవిర్లు. అడుగడుక్కీ ఒక దుకాణం, దుకాణం ముందు స్టూలు, స్టూలు మీద టీ పళ్ళెం. పనిచేస్తున్నవాళ్ళు కూడా మధ్యమధ్య ఆగి బుల్లి కప్పులో టీ పోసుకుంటున్నారు.

ఆ సాయంత్రం ఎంత తిన్నామో చెబితే నమ్మరు. వేయించిన చేమదుంప ముక్కలకి పంచదార పాకం పట్టించి అమ్ముతున్నారు. పైన తెల్లగా గరగరలాడుతుంది, లోపల వెన్నలా మెత్తన. ఇంకో కొట్లో తియ్యటి నీళ్ళలో తేలే తెల్లటి ఉండలు, ఒకదాంట్లో నువ్వుల పూర్ణం, ఒకదాంట్లో పెసరపప్పు పూర్ణం. అత్తగారు ఒకటి కొరికి చూసి, "ఉండ్రాళ్ళే! పూర్ణం లోపల పెట్టారంతే. వినాయకుడు ఇటు కూడా వచ్చి వెళ్ళాడన్నమాట," అని తేల్చారు. పులిహోర ఉన్న డబ్బా మూత తియ్యనే లేదు.

తిననిది ఆంటీ ఒక్కతే. చిన్నప్పట్నుంచీ నాన్న నోట విన్న పదార్థాలన్నీ కొంటుంది, మా చేతుల్లో పెడుతుంది, తను మాత్రం ఒక ముక్క కొరికి వదిలేస్తుంది. "రేపు తింటా లా," అంటుంది. నాకు ఆ అక్కగారి మీద అప్పటికే కోపం వచ్చేసింది. మనిషిని చూడకుండా కోపం తెచ్చుకోవడం నాకు వెన్నతో పెట్టిన విద్య.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. పెద్దవీధిలోంచి సందు, సందులోంచి ఇంకో సందు, చివర పెంకుటిల్లు. తలుపుకి రెండు పక్కలా ఎర్ర కాగితాల మీద నల్లటి అక్షరాలు. నడిమి వాకిట్లో ఎండ. ఎదురుగా గోడ మీద కుర్రవాడి ఫోటో ఒకటి. ఆంటీ దాన్ని చూసి అక్కడే ఆగిపోయింది. వాళ్ళ నాన్న. ఆవిడ ఎరిగిన నాన్నకి జుట్టు నెరిసింది, ఈ ఫోటోలో ఆయనకి ఇంకా మీసాలు కూడా రాలేదు.

అక్క కుర్చీలోంచి లేవలేదు. చిన్న మనిషి, పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, తిన్నగా నిలబెట్టిన వీపు. ప్రయాణం ఎలా జరిగిందని అడిగింది. వానలు పడుతున్నాయా అని అడిగింది. అంతా మా వైపు చూస్తూనే. ఆంటీ వైపు కన్నెత్తి చూడలేదు. ఆవిడ అన్నది ఆంటీ నాకు ఇంగ్లీషులో చెప్పడం, నేను అత్తగారికి తెలుగులో చెప్పడం. ఒక్కో ముక్క మూడు నోళ్ళు మారేది.

తర్వాత టీ పెట్టింది. మట్టి టీకుండ, పక్కన మరుగుతున్న కెటిల్, పళ్ళెంలో ఉగ్గుగిన్నెల్లాంటి కప్పులు మూడు. మేం నలుగురం, కప్పులు మూడే. చావోజౌ పద్ధతి అదట. మనుషులు ఎంతమంది ఉన్నా కప్పులు మూడే ఉంటాయి. ఒకరు ఇంకొకరికి ముందు ఇవ్వాలి, తర్వాత మరిగే నీళ్ళతో కడిగి మళ్ళీ పొయ్యాలి. ఇది విని అత్తగారు నా చెయ్యి గిల్లారు. "ఎంగిలి కదటే! నాకొద్దని చెప్పు. ఇప్పుడే తాగొచ్చామని చెప్పు."

నేను మన అలవాటు కొద్దీ, "వద్దండీ, ఇప్పుడే తాగాం," అనేశాను. మన ఇళ్ళల్లో రెండుసార్లు వద్దంటే మూడోసారి చేతిలో పెడతారు. ఆంటీ ఆ మాట అక్కకి చెప్పలేదు. నా వైపు తిరిగి గుసగుసగా, "ఇక్కడ టీ వద్దంటే మీ గడప తొక్కనని చెప్పినట్టే లా," అంది. నేను గబుక్కున ఒక కప్పు అందుకున్నాను. అత్తగారికి ఇంకోటి అందించాను. మూడోది పళ్ళెంలో ఉంది.

దాన్ని ఆంటీ తీసుకోలేదు. అక్క పెద్దది, ముందు అక్క తాగాలి. రెండు చేతులతో కప్పుని అక్క వైపు జరిపింది. అక్క తీసుకోలేదు, ఇంటావిడ ఆఖర్న తాగాలి. వెనక్కి జరిపింది. ఆంటీ మళ్ళీ జరిపింది. అక్క మళ్ళీ వెనక్కి. చూసేవాళ్ళకి మర్యాదే. నాకు మాత్రం 'నువ్వు చుట్టానివి, చుట్టంలా తాగి వెళ్ళు' అంటున్నట్టే అనిపించింది. ఆంటీ చేతులు ఒళ్ళో పెట్టేసుకుంది. కప్పు ఇద్దరి మధ్యా చల్లారుతోంది. నాకు అరవాలనే ఉంది, అరవడానికి మాత్రం ఒక కారణం దొరకడం లేదు.

సరిగ్గా అప్పుడు అత్తగారు కప్పు ఎత్తారు. ఎంగిలి కాకుండా, పెదవికి తగలకుండా, తల వెనక్కి వాల్చి, జానెడు ఎత్తునుంచి నోట్లోకి పోసుకున్నారు. చెంబు మంచినీళ్ళు అలాగే తాగుతారావిడ, చుక్క కింద పడదు. కానీ ఇవి పొగలు కక్కే టీ నీళ్ళు. "అబ్బా, అమ్మా, నాలిక!" అని ఎగిరి, దగ్గి, కళ్ళ నీళ్ళు పెట్టుకుని, "కాలింది గానీ బాగుంది," అన్నారు.

అక్క నిర్ఘాంతపోయి చూసింది. తర్వాత నవ్వడం మొదలెట్టింది. భుజాలు కదిలిపోయేలా, పళ్ళు లేని చిగుళ్ళు కనబడేలా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ మొదటిసారి ఆంటీ వైపు తిరిగి, "ఈవిడ ఎందుకలా తాగింది?" అని అడిగింది. ఆంటీ చెప్పింది. చెబుతూ తనూ నవ్వింది. చెప్పేటప్పుడు ఆంటీ టియోచ్యూ భాషలో బజారుకో, సబ్బుకో సింగపూర్‌లో వాడే మలయ్ మాటలు దొర్లాయి, అవేం మాటలని అక్క మళ్ళీ అడిగింది. ఒకటికి ఒకటి, ప్రశ్నలు వచ్చాయి. అలా వచ్చి వచ్చి, అక్క ఒకచోట ఆగింది. ఫోటో వైపు చూసింది.

"అక్కడ ఆయన కడుపునిండా తినేవాడా?" అంది.

నాకు ఆంటీ అనువదించే ముందే తెలిసిపోయింది, ఇది మామూలు ప్రశ్న కాదని. ఈవిడ ఎనభై ఏళ్ళు మనసులో పెట్టుకున్నది కోపం కాదు, ఇదీ.

ఆంటీ చెప్పింది. రోజూ పొద్దున గంజే తాగేవాడు. మెతుకులు తేలే పల్చటి గంజి, పక్కన ఉప్పులో ఊరబెట్టి ఎండబెట్టిన ముల్లంగి. ఆ ముల్లంగి ముక్క నోట్లో వేసుకుని రోజూ ఒకటే మాట: "ఇది ముల్లంగి కాదు." ఆంటీ వాళ్ళ అమ్మ ఏ బజారునుంచి తెచ్చినా, ఎలా ఊరబెట్టినా అదే మాట. ఆఖరికి ఆవిడ విసిగిపోయి, "అయితే ఎక్కడుందో వెళ్ళి అక్కడే తిను," అని గిన్నె విసిరికొట్టిందట ఒకరోజు.

అక్క లేచింది. గోడ పట్టుకుని లోపలికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. ఆంటీ మొహంలో నెత్తురు లేదు. "చెప్పకూడనిది చెప్పానా లా?" అంది. నేను ఆవిడ వీపు మీద చెయ్యి వేసి నిమిరాను.

అక్క వచ్చేటప్పుడు ఆవిడ కోడలు వెనకాలే గంజి గిన్నెలు తెచ్చింది. అక్క రెండు చేతులతో చిన్న జాడీ పట్టుకొచ్చింది. మూత తియ్యగానే అత్తగారు ముక్కు ఎగబీల్చి, "పాత ఊరగాయ!" అన్నారు. లోపల తారులా నల్లగా నిగనిగలాడుతున్న ముల్లంగి. మా తెనాలిలో కడుపునొప్పికి ఇచ్చే పాత నిమ్మకాయ ఊరగాయ కూడా సరిగ్గా అలాగే ఉంటుంది. ఎంత పాతదైతే అంత గొప్ప. ఇది అక్క వాళ్ళమ్మ పెట్టిందట. ఆయన ఓడెక్కి వెళ్ళిన చలికాలంలో, తిరిగొచ్చాక తింటాడని. రాడని తెలిశాక కూడా ఆవిడ పారెయ్యలేదు. ఆవిడ పోయాక ఈవిడ పారెయ్యలేదు.

గిన్నెల్లో తలా కాస్తా వేసింది. నేను చిన్న ముక్క నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పూ పులుపూ తీపీ అన్నీ దాటిపోయి, ఏదో లోతైన రుచి. అత్తగారు గంజిలో కలుపుకుని కళ్ళు మూసుకున్నారు. "అమృతం," అన్నారు. మా అత్తగారు నా వంటని ఇంతవరకూ ఆ మాట అనలేదు.

ఆంటీ తినలేదు. సంచిలోంచి రుమాలు తీసి, ఆ నల్ల ముక్కని అందులో పెట్టి మడుస్తోంది. సింగపూర్‌లో నాన్న అస్థికలు ఉన్న చోట పెడతానని అక్కతో అంది. అక్క చూసింది. కుర్చీలోంచి సగం లేచి, ఆంటీ మణికట్టు పట్టుకుని అరవడం మొదలుపెట్టింది. ఎంత పెద్ద గొంతు ఆ చిన్న మనిషికి! ఇల్లు దద్దరిల్లింది. రుమాలు లాక్కుంది. వేలు చూపిస్తూ ఒకటే తిట్లు.

నా ఒళ్ళు మండిపోయింది. ఇందుకేగా నన్ను తెచ్చింది! "ఏమండీ, ఇంటికొచ్చిన మనిషితో ఇలాగేనా మాట్లాడేది?" అని అచ్చ తెలుగులో లేచాను. అత్తగారు నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని కూలేశారు. "ఆగవే తొందరపాటు మనిషీ. ఏమంటోందో ముందు అడుగు."

ఆంటీ ఏడుస్తోంది. ఏడుస్తూనే నాకు చెప్పింది. "సిగ్గులేదా, సొంతింటికొచ్చి పరాయిదానిలా రుమాల్లో దాచుకుంటావా అంటోంది. నాన్నకి నేను వేరే పొట్లం కడతానుగా, ముందు నువ్వు తిను అంటోంది. ఎముకలు కనబడుతున్నాయట. ఇన్నేళ్ళు ఎక్కడ చచ్చావని అడుగుతోంది."

అత్తగారికి చెప్పాను. ఆవిడ గంజి గిన్నె కింద పెట్టి, మూతి తుడుచుకుని, తీర్పు చెప్పినట్టు అన్నారు: "అలా తిట్టిందంటే అక్కే. ఇంక పిలుపు కోసం చూడక్కర్లేదని చెప్పు."

చెప్పబోయాను. ఆంటీ నా మాట వినే స్థితిలో లేదు. అక్క ఇంకా తిడుతూనే ఆవిడ గిన్నెలో ముల్లంగి ముక్కలు ఒకటి మీద ఒకటి వేస్తోంది. ఆంటీ ఆ గిన్నె రెండు చేతులతో పట్టుకుని, బుగ్గల మీంచి నీళ్ళు కారుతుంటే, నా వైపు తిరిగి సంబరంగా అంది: "విన్నావా? నన్ను తిట్టింది లా! నన్ను తిట్టింది!"

తర్వాత ఇంత నోరు చేసుకుని తినడం మొదలుపెట్టింది.